లామొంట్‌విల్‌లో చావు భోజనం

తుపాకీ పేలిన చప్పుడు డర్బన్ రేవులో ఎవరికీ వినపడలేదు. సరిగ్గా అప్పుడే పొద్దుటి షిఫ్టు సైరన్ మోగింది.

సైరన్ ఆగేసరికి ఎనోక్ సెలే డాక్ గేటు ముందు నేల మీద ఉన్నాడు. చేతిలో సగం తిన్న రొట్టె అలాగే ఉంది. ఒక బ్రెడ్డు వ్యాను తాపీగా మలుపు తిరిగి వెళ్లిపోయింది. పోలీసులు వచ్చి, "తాగుబోతుల తగాదా" అని తేల్చేశారు. ఎనోక్ పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టినవాడు కాదు.

అది 1986, చలికాలం. దేశమంతా ఎమర్జెన్సీ. ఎనోక్ చేసిన నేరం ఒక్కటే. రేవులో బస్తాలు మోసే నల్ల కూలీల్నీ, చాట్స్‌వర్త్‌లో బట్టలు కుట్టే ఇండియన్ ఆడవాళ్లనీ ఒకే హాల్లో, ఒకే బెంచీల మీద కూర్చోబెట్టాడు. సోమవారం నుంచి సమ్మె. ఇద్దరూ కలిసి! డర్బన్ చరిత్రలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. అందుకే బ్రెడ్డు వ్యాను వచ్చింది.

*

"హదీదా పక్షి అరిచిందా, బాబాయ్?"

"అరిచింది. వాన మాత్రం రాలేదు."

కోడ్ సరిపోయింది. లామొంట్‌విల్ చర్చి వెనక షెడ్డు తలుపు తెరుచుకుంది. గులాబీ రంగు యూనిఫాం, తలకి గుడ్డ, చేతిలో ఫ్లోర్ పాలిష్ డబ్బా. లోపలికి వచ్చిన మనిషిని చూస్తే ఎవరైనా ఒక్కటే అనుకుంటారు: పనిమనిషి. తెల్లవాళ్ల పేటలో ఆమెను "మేరీ" అంటారు. అక్కడ పనిమనుషులందరూ మేరీలే.

అసలు పేరు థోకోజిలే. తెల్ల సర్కారుతో పోరాడే ఉద్యమానికి ఇంటెలిజెన్స్ విభాగంలో ఏజెంట్. బెర్లిన్‌లో ట్రైనింగ్. కళ్లకు గంతలు కట్టినా పిస్టల్ విప్పి మళ్లీ బిగించగలదు. నాలుగు భాషలు వచ్చు. మేడమ్‌ల ముందు మౌనం ఐదోది. అది అన్నిటికంటే బాగా వచ్చు.

తలుపు తీసినవాడు గుమెడే. పాత డాక్ కూలీ, ఇప్పుడు చర్చి వాచ్‌మన్. డర్బన్ నెట్‌వర్క్ మొత్తానికి చీఫ్. ఎనోక్‌ని యూనియన్‌లోకి తెచ్చింది ఆయనే. నిన్నటి నుంచి ఏమీ తినలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"చెప్పమ్మా."

థోకో పాలిష్ డబ్బా మూత తిప్పింది. పైన పళ్లెంలో వేలెడు మందాన ఎర్ర మైనం. ఆ పళ్లెం ఎత్తితే కింద అగ్గిపెట్టెలంత రీళ్లతో టేప్ రికార్డర్.

మూడు నెలలుగా ఆమె నేల తుడుస్తున్నది బెరియా కొండ మీద మేజర్ హార్‌గ్రీవ్ బంగళాలో. రొడీషియాలో తెల్లవాళ్ల పాలన పోయాక, డబ్బిస్తే ఎవరి తరఫునైనా అద్దెకి దొరికే సైనికుడు. అతని కింద ఒక బెల్జియం వాడు, ఒక ఇంగ్లిష్ వాడు. ముగ్గురిదీ ఈ దేశం కాదు. ఈ దేశంలో ఎవరు బతకాలో మాత్రం వాళ్లే డిసైడ్ చేస్తారు.

"నిన్న స్టడీ రూములో పాలిష్ చేస్తుంటే సొరుగు తెరిచే ఉంది," అంది థోకో. "కొత్త పాస్‌పోర్టుల కట్ట. ఇంత మందాన. ఎవరికో తెలీదు. కానీ అది కాదు ముఖ్యం. ఇది వినండి."

రీలు తిరిగింది. హార్‌గ్రీవ్ గొంతు. విస్కీ గ్లాసులో ఐసు చప్పుడు.

"...శనివారం. స్మశానం నుంచి తిరిగొస్తారు. తిండికి కూర్చోకముందే కూలిపోతారు. సామాన్ల మీద ఆ ఇండియన్ల పేర్లే చెక్కి ఉంటాయి. నింద ఎవరి మీద వెయ్యాలా అని మనం వెతుక్కోనక్కర్లేదు. మిగతా పని వాళ్లలో వాళ్లే పూర్తి చేసుకుంటారు. నలభై తొమ్మిదిలో చేసినట్టు."

గుమెడే కళ్లు మూసుకున్నాడు. 1949 అనే మాట డర్బన్‌లో ఎవరూ గట్టిగా అనరు. ఒక చెంపదెబ్బతో మొదలైన గొడవ. ఆఫ్రికన్లు, ఇండియన్లు ఒకళ్లనొకళ్లు చంపుకున్నారు. తెల్లవాళ్లు బాల్కనీల్లోంచి చూశారు.

శనివారం ఎనోక్ ఖననం. ఆ భోజనం వండేది చాట్స్‌వర్త్ ఆడవాళ్లు.

తలుపు మళ్లీ చప్పుడైంది. ముందు సెంటు వాసన, తర్వాత నల్ల కళ్లద్దాలు, ఆ తర్వాత మనిషి. మిస్ జాండి! బీచ్ రోడ్డు హోటల్లో పాడుతుంది. ఆమె పాట మొదలెడితే తెల్ల ఆఫీసర్లు గ్లాసులు కింద పెడతారు. హార్‌గ్రీవ్ ఆమెని తన ఇన్ఫార్మర్ అనుకుంటాడు. ఆమె మాత్రం డబుల్ ఏజెంట్, మన మనిషి. థోకో, జాండి లామొంట్‌విల్‌లో ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకుని పెరిగారు.

"బిర్యానీ," అంది జాండి, కూర్చోకుండానే. "విషం బిర్యానీలో కలుపుతారు. మసాలా ఘాటులో వాసన తెలీదంట. రాత్రి మేజర్ నాతోనే అన్నాడు."

"వంట కేన్సిల్ చేద్దామా?" అన్నాడు గుమెడే.

"చేస్తే ఏమంటారు? నల్లవాడి చావుకి ఇండియన్లు తిండి కూడా పెట్టలేదంటారు," అంది థోకో. "వంట జరగాలి. అందరూ కలిసి తినాలి. తినకపోతే సోమవారం సమ్మె లేదు. బిర్యానీ వండే డేగిషాల దగ్గర నేను నిలబడతా."

"నిలబడవే. నీకు నిలబడటం అలవాటేగా," అని జాండి నవ్వింది. "నాకు ఆకలేస్తోంది బాబాయ్, హోటల్లో నిన్న కూడా వంటింటి గుమ్మంలోంచే రమ్మన్నారు. పేరు మాత్రం బోర్డు మీద ఇంత లావు అక్షరాలతో రాశారు."

గుమెడే నవ్వలేదు. "శనివారం సాయంత్రం స్వాజీలాండ్ లారీ వస్తుంది. ఈ టేపు అందులో సరిహద్దు దాటి మనవాళ్లకి చేరాలి. అప్పటిదాకా నీ ఒంటి మీదే ఉండాలి థోకో. నువ్వెవరో ఒక్కడికి తెలిసినా మూడు నెలల పని బూడిదే."

*

శనివారం పొద్దున. సెలే వాళ్ల ఇంటి వెనక మూడు పొయ్యిలు, మూడు డేగిషాలు. వంటకి లీడర్ అంబిగే అప్పల్‌సామి. బట్టల ఫ్యాక్టరీలో యూనియన్ తరఫు షాప్ స్టివార్డ్. గరిటె పట్టుకుంటే బ్రిగేడియర్ లాగా ఉంటుంది.

"ఏంటమ్మా, పొద్దుట్నుంచీ నా బిర్యానీని పోలీసోడిలా చూస్తున్నావ్?"

"గుమెడే బాబాయ్ ఉండమన్నాడు ఆంటీ. ఎవరైనా ఏదైనా కలుపుతారేమో అని."

"నా మసాలాలో విషం కలిపితే విషమే చస్తుంది," అంది అంబిగే. మళ్లీ గొంతు తగ్గించింది. "మా అమ్మ నలభై తొమ్మిదిలో నన్ను చెరకు తోటలో దాచింది. అప్పుడు నాకు ఆరేళ్లు. మాకు నీళ్లు తెచ్చిచ్చింది ఒక జూలూ ఆవిడ. పేరు కూడా తెలీదు. ఇవాళ ఈ వంట ఎవరి కోసమో నాకు తెలుసు."

"మీకిప్పుడు పార్లమెంటులో సీట్లు ఇచ్చారుగా ఆంటీ," అంది థోకో. కాస్త ఎకసెక్కంగానే అంది. "మాకు లేవు."

"సీటా! మిషన్ దగ్గర నా స్టూలు కాలు విరిగి ఏడాదైంది. అది బాగుచెయ్యమంటే పార్లమెంటులో కుర్చీ వేశామంటారు. కుర్చీ ఎక్కినోడు షాపుల ఓనరు, స్టూలు మీద నేను. ఎనోక్ అదే చెప్పేవాడు, ముందు స్టూలు సంగతి చూడండి అని."

"ఓనరు నిన్ను స్టూలు మీద కూర్చోబెడతాడు. నన్ను నేల మీద. అది కూడా చూడాలి ఆంటీ."

"చూద్దాం. ముందు ఈ ఉల్లిపాయలు చూడు."

ఇంతలో జాండి వచ్చింది. నల్ల లేసు గౌను, నల్ల టోపీ. చావింట్లో కూడా అందరి కళ్లూ అటే తిరిగాయి. గేటు దగ్గర చిన్న సత్తు గిన్నె చూసి నాలుక చప్పరించింది.

"స్మశానం నుంచి వచ్చేవాళ్లందరూ చేతులు కడుక్కోవడానికి ఈ గిన్నె ఏం సరిపోతుంది? ఆంటీ, మీ వ్యాన్‌లో పెద్ద ఇత్తడి బేసిన్ ఉంది కదా, ఇస్తారా? నీళ్లు నేను పోస్తా, కలబంద నేను కోసి వేస్తా. ఎనోక్ అన్న నాకూ అన్నే."

అంబిగే ఇచ్చింది. జాండి నీళ్లు నింపింది, కలబంద ముక్కలు వేసింది, పిల్లలు ఆడకుండా పైన తెల్లగుడ్డ కప్పింది. థోకో ఇదంతా చూసింది, చూసి డేగిషాల వైపు తిరిగింది. డేగిషాల్ని కాపలా కాయాలి కదా!

శవపేటిక లేచింది. పాట లేచింది. ఎమర్జెన్సీ రూలు ప్రకారం జెండాలు ఉండకూడదు. జనం ఖాళీ చేతుల్నే పిడికిళ్లు చేసి ఎత్తారు. ఎదురుగా గుట్ట మీద పసుపు పచ్చ పోలీసు బండ్లు వరసగా నిలబడి చూస్తున్నాయి. వాటి వెనక ఒక నల్ల కారు.

*

గుమెడే అందరికంటే ముందు తిరిగొచ్చాడు. మోకాళ్ల నొప్పి, గేటు తీసే పని. తెల్లగుడ్డ తీశాడు, పద్ధతి ప్రకారం చేతులు కడుక్కున్నాడు, స్టూలు మీద కూర్చున్నాడు.

థోకో టీ తీసుకెళ్లింది. అంత చలిలో ఆయన చొక్కా తడిసిపోయి ఉంది.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదు. వయసు." పెదవి చివర నుంచి ఉమ్మి కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు. "కళ్లు మసకగా ఉన్నాయి. ఎండేమో."

ఎండ లేదు.

విషం బిర్యానీలో ఉంది. ఆయన బిర్యానీ తినలేదు. రెండు రోజుల నుంచి ఏమీ తినలేదు! థోకో బుర్రలో రీలు గిర్రున వెనక్కి తిరిగింది. *తిండికి కూర్చోకముందే.* ముందే! ఆ మాట తనూ బాబాయీ ఇద్దరూ విన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే బిర్యానీ అని చెప్పింది...

పాట దగ్గరికొచ్చింది. మలుపులో జనం. ముందు వరసలో ఎనోక్ తల్లి. ఆమె భుజం పట్టుకుని జాండి. గేటు దగ్గరికి రాగానే జాండి ముసలామెను వదిలేసి, బేసిన్ పక్క నుంచి తప్పుకుని, చకచకా లోపలికి నడిచింది.

చేతులు కడుక్కోకుండా.

లామొంట్‌విల్‌లో తాగుబోతు కూడా ఆ పని చెయ్యడు. దొంగ కూడా చెయ్యడు. స్మశానం మట్టి చేతులతో చావింటి గడప తొక్కితే చావుని వెంటబెట్టుకుని వచ్చినట్టే. జాండి బయటిది కాదు. ఈ వీధి పిల్ల. మర్చిపోయే ప్రశ్నే లేదు.

ఆ నీళ్లలో ఏముందో ఆమెకి తెలుసు.

ముసలామె బేసిన్ మీదికి వంగింది. ముడతలు పడ్డ రెండు చేతులు. వేళ్ల సందుల్లో కొడుకు సమాధి మట్టి. వేళ్ల కొసలకీ నీళ్లకీ మధ్య జానెడు, బెత్తెడు...

థోకో పరిగెత్తలేదు, ఎగిరింది. కాలు చాచి ఒక్క తన్ను. ఇత్తడి బేసిన్ ఖంగుమని బోర్లాపడింది. నీళ్లు రోడ్డు మీద పారాయి.

పాట ఆగిపోయింది.

"ఏయ్, పిచ్చిదానా!"

"చచ్చినోడి నీళ్లు తన్నుతావా? ఎవత్తివే నువ్వు?"

"ఎవరూ ముట్టుకోకండి! విషం! నీళ్లలో విషం ఉంది!"

అదే క్షణంలో గుమెడే స్టూలు మీద నుంచి జారిపోయాడు. ఒళ్లంతా వణుకు. థోకో ఆయన తల ఒళ్లోకి తీసుకుంది. ఆయన ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి నురగే వచ్చింది. చెరకు తోటల్లో కొట్టే మందు అలాంటిదే. చర్మంలోంచి దిగిపోతుంది. ఆస్పత్రి దూరం, అంబులెన్సుకి పర్మిషన్ కావాలి, గుట్ట మీద బండ్లు దారి ఇవ్వవు.

గుమెడే ఆమె ఒళ్లోనే పోయాడు.

అప్పుడు ఒక కుర్రాడు బోర్లాపడ్డ బేసిన్ వైపు వేలు చూపించాడు. అడుగున, సన్నటి చుక్కలతో చెక్కిన అక్షరాలు: ఎ. అప్పల్‌సామి.

"ఇండియన్లది!"

"బేసిన్ వాళ్లదే! చంపడానికే వచ్చారు!"

"నలభై తొమ్మిదిలో మిగిలింది ఇవాళ పూర్తి చేద్దాం!"

రాళ్లు చేతుల్లోకి వచ్చాయి. పొయ్యిల దగ్గర అంబిగే గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. వెనక పదిమంది ఆడవాళ్లు. పారిపోవడానికి దారి లేదు. గుట్ట మీద పోలీసు బండ్లు ఇంజిన్లు స్టార్ట్ చేశాయి. మేజర్ ప్లాను పూర్తిగా ఫెయిల్ కాలేదు. వందమంది బదులు ఒక్కడు చచ్చాడు, అంతే. అల్లర్లకి ఒక్కడు చాలు!

థోకో నడుముకి కట్టుకున్న సంచిలో టేపు ఉంది, పాలిష్ డబ్బాతో సహా. వాడితే మూడు నెలల పని బూడిద. మేరీ ఈ రోజుతో చచ్చిపోతుంది. వద్దు అని చెప్పాల్సిన చీఫ్ కళ్లు తెరిచి ఆకాశం చూస్తున్నాడు.

ఆయన కళ్లు మూసింది. లేచింది. ఫాదర్ కోసం పెట్టిన లౌడ్‌స్పీకర్ మైకు లాక్కుంది.

"మొదటి రాయి వేసేవాడు ముందు ఇది వినాలి! ఎనోక్‌ని చంపినోడి గొంతు ఇది! వాడి ఇంట్లో నేల తుడిచేది నేను!"

పాలిష్ డబ్బా మూత ఎగిరిపోయింది. రీలు తిరిగింది. విస్కీ గ్లాసులో ఐసు చప్పుడు లామొంట్‌విల్ వీధంతా వినపడింది. తర్వాత ఆ గొంతు. *సామాన్ల మీద ఆ ఇండియన్ల పేర్లే... మిగతా పని వాళ్లలో వాళ్లే పూర్తి చేసుకుంటారు.*

ఆ గొంతు అందరికీ తెలుసు. ఆ మనిషి కాదు, ఆ గొంతు. ఫ్యాక్టరీలో విన్నారు, రేవులో విన్నారు, పోలీసులు గుర్తింపు పాసు అడిగే ప్రతి మూల మీదా విన్నారు.

రాళ్లు కింద పడలేదు. ఎవరూ విసరనూ లేదు. అలా గాల్లో వేలాడుతున్నట్టు ఉన్నాయి.

ఎనోక్ తల్లి కదిలింది. ఆ మట్టి చేతులతోనే జనాన్ని పక్కకి నెట్టుకుంటూ పొయ్యిల దగ్గరికి వెళ్లింది. అంబిగే ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచింది.

"నీళ్లు పొయ్యమ్మా."

అంబిగే చెంబుతో నీళ్లు ముంచింది. ముందు తను రెండు గుక్కలు తాగింది, అందరూ చూస్తుండగా. మిగతావి ముసలామె చేతుల మీద పోసింది. కొడుకు సమాధి మట్టి ఎర్రగా కారింది.

"ఇప్పుడు అన్నం పెట్టు. నా కొడుకు భోజనం చల్లారిపోతోంది."

మొదటి ముద్ద ముసలామె తింది. రెండో ముద్ద అంబిగే నోట్లో పెట్టింది.

ఎక్కడో ఒక రాయి కింద పడింది. తర్వాత ఇంకోటి. గుట్ట మీద ఇంజిన్లు చాలాసేపు మోగి మోగి ఆగిపోయాయి. కాల్చడానికి అల్లర్లేవీ? భోజనం చేస్తున్నవాళ్లు తప్ప ఎవరూ లేరు. నల్ల కారు వెనక్కి తిరిగింది.

*

జాండిని కుర్రాళ్లు పెరటి కంచె దగ్గర పట్టుకున్నారు. అప్పటికే ఒకడు ఆమె మెడలో వేసి కాల్చడానికి పాత టైరు దొర్లించుకుంటూ వస్తున్నాడు. ఇంకొకడి చేతిలో పెట్రోలు డబ్బా.

"ఆపండి," అంది థోకో.

"నువ్వెవరు ఆపడానికి? పనిమనిషివి!"

"పనిమనిషినే. మీ చెత్త ఊడ్చే ఓపిక ఇంకా ఉంది. టైరు దించు తమ్ముడూ. దీనికి విచారణ ఉంటుంది. గుమెడే బాబాయ్ బతికుంటే అదే అనేవాడు. ఆయన్ని చంపింది కదా అని ఆయన మాట మారదు."

టైరు కింద పడింది. థోకో జాండి మోచెయ్యి పట్టుకుని వంటింటి వైపు నడిపించింది.

"ఇవాళ కూడా వెనక గుమ్మమే జాండీ."

సోమవారం డర్బన్ రేవులో ఒక్క క్రేను కదల్లేదు. చాట్స్‌వర్త్‌లో ఒక్క మిషన్ తిరగలేదు. గుమెడేని ఎనోక్ పక్కనే పూడ్చారు. ఆ రోజు గేటు దగ్గర సత్తు గిన్నే పెట్టారు.

కానీ అది సోమవారం సంగతి. శనివారం సాయంత్రం స్వాజీలాండ్ లారీలో, అనాసపండ్ల బుట్టల మధ్య, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. థోకో ఒళ్లో పిస్టల్. ఆమె ఇక మేరీ కాదు. మళ్లీ ఎప్పటికి డర్బన్ వస్తుందో తెలీదు.

"ఎందుకే?" అంది థోకో.

జాండి మొహం మీద కాటుక కారిపోయింది. "లండన్‌లో ఒక స్టేజీ. ముందు గుమ్మంలోంచి వెళ్లే స్టేజీ. నీకు అర్థం కాదు, నీకు పాట రాదు."

"గుమెడే బాబాయే కదే నీకు పాట నేర్పింది. చర్చిలో."

జాండి హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కవరు తీసింది. గమ్ముతో గట్టిగా అంటించి ఉంది. పొద్దున తను మేజర్ కారు దిగేటప్పుడు అతను చేతిలో పెట్టాడట. జనంలో తెరిచే వీలు లేకపోయింది. ఇప్పుడు చింపింది. కొత్త పాస్‌పోర్టు. ఫోటో బాగుంది. పేరు కరెక్టుగా ఉంది.

దేశం: ట్రాన్స్‌కై.

ఎప్పుడో అక్కడి ఊంటాటాలో పుట్టిన నాన్న పేరు చెప్పి, జన్మలో అటు వెళ్లని పిల్లని ఆ బంటుస్తాన్ పౌరురాలిని చేశారు. నల్లవాళ్లని పక్కకి నెట్టడానికి ప్రిటోరియాలోని తెల్ల సర్కారు కాగితం మీద గీసి ఇచ్చిన దేశం. ప్రపంచంలో ఇంకే దేశమూ దాన్ని గుర్తించలేదు. ఆ పాస్‌పోర్టుతో లండన్ కాదు కదా, లండన్ విమానం మెట్లు కూడా ఎక్కనివ్వరు.

జాండి పేజీలు తిప్పింది. మళ్లీ తిప్పింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఈ దేశం ఎక్కడుందే థోకో?"

థోకో లారీ పట్టా సందులోంచి బయటికి చూసింది. కొండల మీద చీకటి పడుతోంది.

"మేజర్ గారి సొరుగులో," అంది. "ఇంకా చాలా ఉన్నాయి. నేను తుడుస్తూ చూశా."